లాకు దగ్గర మూడు గుర్రాలు

దెయ్యాలు లేవు. ఈ సంగతి జరగకముందు నా అభిప్రాయం ఇదే, జరిగాక కూడా ఇదే. ఇది చదివి ఎవరైనా "పాపం, కుర్రాడు జడుసుకున్నాడు" అనుకునేటట్టయితే ఇక్కడే ఆపేయొచ్చు. నేను జడుసుకోలేదు. జడుసుకునేటంతగా అక్కడ ఏమీ లేదు. మిట్టమధ్యాహ్నం, ఎండ, కాలవ, గట్టు మీద గడ్డి మేస్తున్న గుర్రాలు. అంతే.

మాది గుడివాడ. సివిల్ ఇంజనీరింగ్ చదివాను. పాత కాలవ కట్టడాలను కొలిచి, ఏది ఎంత గట్టిగా ఉందో రిపోర్టు ఇచ్చే ఒక చిన్న ప్రైవేటు సంస్థలో పని. నాకు జాబితాలు రాసే అలవాటుంది. బజారుకు కూరగాయలకు వెళ్ళినా నంబర్లు వేసుకుని వెళ్తాను. మా అక్క దీన్ని జబ్బంటుంది. నేను ఒప్పుకోను.

కిందటేడు జులైలో, కాలవలకు నీళ్ళు వదిలిన పదిరోజులకు, బంటుమిల్లి వైపు ఒక పాత లాకును కొలవడానికి పంపారు. ఊరి పేరు రాయను. అక్కడి మనిషి ఇంకా అదే ఉద్యోగంలో ఉన్నాడు.

లాకు చూడనివాళ్ళకు రెండు మాటలు. కాలవల్లో పడవలు తిరిగిన రోజుల్లో, ఎత్తులో ఉన్న నీళ్ళ నుంచి పల్లంలో ఉన్న నీళ్ళకు పడవను మెల్లగా దించడానికి రాతితో కట్టిన గది అది. ఇప్పుడు పడవలు లేవు. పాత తలుపుల స్థానంలో ఇనప షట్టర్లు పెట్టి నీళ్ళు ఆపడానికి, వదలడానికి వాడుతున్నారు. వాటిని ఎత్తి దించే ఉద్యోగిని లస్కరు అంటారు.

అక్కడి లస్కరు సూర్యంగారు. యాభై దాటిన మనిషి. పంతొమ్మిదేళ్ళుగా అదే లాకు, అయినా ఇంకా కాంట్రాక్టు ఉద్యోగమే. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి గేజీ రాయి మీద నీటిమట్టం చూసి రిజిస్టరులో రాయడం ఆయన పని. ఆయన పన్నెండింటి అంకెను పదకొండున్నరకే రాసేసి భోజనానికి ఇంటికి వెళ్ళేవారు. మొదటి రోజే చూశాను.

"పన్నెండు ఇంకా కాలేదు కదండీ" అన్నాను.

"టైమెంతయిందో కాలవకేం తెలుసు సార్" అన్నారు, పెన్ను జేబులో పెట్టుకుంటూ. "పొద్దున అయిదున్నర అడుగులు. ఇప్పుడూ అయిదున్నరే. అన్నం తినొచ్చేలోపు మారదు."

నాకు నచ్చలేదు. కానీ నా పని ఆయన రిజిస్టరు కాదు, లాకు గోడలు.

అక్కడ రోజూ కనిపించే ఇంకో మనిషి నాంచారమ్మగారు. పెడనలో అద్దిన కలంకారీ బట్టల్ని పారే నీళ్ళలో జాడించి, ఎడమ గట్టు మీద పచ్చిగడ్డిలో పరిచి ఆరబెడుతుంది. వెంట ఇద్దరు ఆడవాళ్ళు. పదకొండుకల్లా పరిచేసి, పాత లాకు క్వార్టర్ల వెనక వరండాలో అన్నం తిని ఓ కునుకు తీసి, ఒకటిన్నరకు తిరిగి వచ్చేవాళ్ళు. వరండా నుంచి గట్టు కనపడదు. అంటే రోజూ పదకొండున్నర నుంచి ఒకటిన్నర దాకా గట్టు మీద కళ్ళు తెరుచుకుని ఉన్నది నేనొక్కణ్ణే. ఇది నాకు అనుకూలం కాని విషయమని తెలుసు. అయినా రాస్తున్నాను.

గురువారం పదకొండు నలభైకి ఎడమ గట్టు మీద మూడు గుర్రాలు కనిపించాయి. నేను కుడి గట్టున లెవెల్ పరికరం దగ్గరున్నాను. మధ్య దూరం పద్దెనిమిది మీటర్లు. నా ఫీల్డ్ బుక్కులో అడ్డంకుల జాబితా కింద ఆ రోజు రాసింది ఇది: "ఎడమ గట్టు: తుమ్మచెట్లు 4, కరెంటు స్తంభం 1, గుర్రాలు 3."

లెవెల్ గొట్టంలోంచి కూడా చూశాను. రెండు గోధుమరంగువి, ఒకటి తెల్లది. తాళ్ళు లేవు, వెనక మనిషి లేడు. తెల్లదానికి భుజం మీద నాలుగంగుళాల వెడల్పున వెంట్రుకలు అరిగి నున్నబడిన పట్టీ ఉంది, చాలాకాలం ఏదో బరువు లాగినట్టు. పెళ్ళి ఊరేగింపులకు అద్దెకిచ్చే గుర్రాలను మేతకు వదిలారనుకున్నాను. పన్నెండున్నర ప్రాంతంలో అవి తుమ్మచెట్ల వెనక్కి వెళ్ళిపోయాయి.

శుక్రవారం వచ్చాయి. శనివారం వచ్చాయి. బట్టలు పరిచిన చోటికి వెళ్ళకుండా చుట్టూ మేశాయి. బట్టలంటే భయం కాబోలనుకున్నాను.

శనివారం సాయంత్రం అడిగాను, ఆ గుర్రాలు ఎవరివని.

"గుర్రాలా?" అన్నారు సూర్యంగారు. "ఈ ఊళ్ళో గేదెకే గడ్డి చాలట్లేదు సార్. గుర్రాన్ని ఎవడు మేపుతాడు?"

"టోపీ పెట్టుకోమంటే వినవు గదా బాబూ" అంది నాంచారమ్మగారు. "గుర్రాలొస్తే నా దుప్పట్లు తొక్కకుండా ఉంటాయా? ఒక్క డెక్క గుర్తు చూపించు, నీకు చేపల పులుసు వండి పెడతా."

చూపించలేకపోయాను. వంతెన దాటి వెళ్ళి గట్టంతా చూశాను. డెక్కల గుర్తులు లేవు. లద్దె లేదు. కానీ గడ్డి కొరికి ఉంది.

"మేకలు" అంది ఆవిడ, అక్కడితో మాట తేలిపోయినట్టు.

ఆదివారం ఆవిడకు సెలవు. గట్టు మీద ఒక్క బట్ట లేదు. నేను కావాలనే వెళ్ళాను. పదకొండు నలభై అయిదుకు గుర్రాలు వచ్చాయి. బట్టలు లేకపోయినా ఆ చోటికి వెళ్ళలేదు. గట్టు మొత్తంలో గడ్డి అక్కడే దట్టంగా, పచ్చగా ఉంది. తెల్లది దాని అంచు దాకా వచ్చి, తల వంచి వాసన చూసి, పక్కకు తిరిగిపోయింది. రెండుసార్లు.

అవి వెళ్ళాక కొలిచాను. ఇరవై చోట్ల. బయట గడ్డి ఎత్తు నాలుగైదు సెంటీమీటర్లు. లోపల ముప్పై పైన. తాడు పట్టి గీసినట్టు అంచు. ఆరు మీటర్లు పొడవు, నాలుగు మీటర్లు వెడల్పు, దిగువ షట్టరు దాటాక పదకొండు మీటర్ల దూరం. బుక్కులో రాశాను: "గుర్రాలు మేయని చోటు. కారణం తెలియదు."

గుర్రాల ఫొటో ఉందా అని అందరూ అడుగుతారు. లేదు. నేను కట్టడాల ఫొటోలు తీయడానికి వెళ్ళాను, గుర్రాలు నాకు వింత కాదు. గడ్డి ఫొటోలు ఉన్నాయి, పక్కన టేపు పెట్టి తీసినవి.

తర్వాత ఆ చోటును నాకు తెలిసిన పద్ధతుల్లో పరీక్షించాను.

1. గట్టు బయటి వాలు: పొడిగా ఉంది, ఊట లేదు.
2. పైన పగుళ్ళు: లేవు.
3. ఇనప కడ్డీ గుచ్చి చూడటం: మిగతా గట్టులాగే గట్టిగా ఉంది.
4. పాత డ్రాయింగు: అక్కడ ఏ కట్టడమూ చూపించలేదు.

నాలుగూ బాగున్నాయి. గడ్డి మాత్రం బాగాలేదు. లెక్క తేలని కొలత ఒకటి ఉంటే అది తేలేదాకా అక్కడ మనిషిని నిలబెట్టకూడదని మాకు నేర్పారు. కొలత ఎవరు ఇచ్చారన్నది ఆ నియమంలో లేదు.

సోమవారం పొద్దున జల్లు పడింది. బట్టలు ఆలస్యమయ్యాయి. పన్నెండుకు పది నిమిషాల ముందు నాంచారమ్మగారు, ఇద్దరు ఆడవాళ్ళు తడి దుప్పట్ల మూటలతో గట్టెక్కారు. గుర్రాలు ఆ రోజు రాలేదు. సూర్యంగారు పన్నెండింటి అంకె రాసేసి వెళ్ళిపోయారు.

నేను అడ్డం నిలబడ్డాను. అక్కడ పరవద్దన్నాను.

"నీ గుర్రాలు చెప్పాయా?" అంది ఆవిడ.

"అవునండీ."

"అవి నీకు ఫోను చేస్తే మరి నాకూ చెయ్యమను. పదేళ్ళ నుంచి ఇక్కడే ఆరేస్తున్నా. పొట్టిగడ్డిలో పరిస్తే మట్టంటుకుంటుంది, అద్దకం మీద మరకైతే నువ్వొచ్చి ఉతుకుతావా?"

"ఉతుకుతాను. ఈ ఒక్కరోజు అటు పరవండి. మూటలు నేను మోస్తాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఇంజనీరు చేత మోయించిన పుణ్యం నాకెందుకులే" అంటూనే మూట నా భుజం మీద పెట్టింది. నాలుగు మూటలు మోశాను. మూడోది దించేటప్పుడు గడియారం చూశాను, పన్నెండు ఏడు. నాలుగోది దించి వెనక్కి తిరిగేసరికి ఆ ఆరు మీటర్ల గడ్డి అక్కడ లేదు.

పెద్ద శబ్దం కాలేదు. తడిసిన గోనెసంచి జారిపడినట్టు వినపడిందంతే. గుంతలోంచి కాలవ నీళ్ళు పొలం వైపు దూకాయి. నేను, నాంచారమ్మగారు కలిసి షట్టరు చక్రం తిప్పి దించాం. సూర్యంగారు సైకిలు మీద వచ్చేసరికి చేతికి అన్నం మెతుకులు ఇంకా ఉన్నాయి. సాయంత్రం దాకా ఇసక బస్తాలు వేశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక ఎకరం నాట్లు మునిగాయి.

కూలడానికి కారణం మర్నాడే తెలిసింది. గట్టు కింద పాతకాలపు ఇటుక తూము ఒకటి, ఏ డ్రాయింగులోనూ లేనిది, పైకప్పు చివికి ఉంది. అందులో వింత లేదు.

రెండు రోజులకు ఇరిగేషన్ శాఖ అసిస్టెంట్ ఇంజనీరు గారు వచ్చారు. రిజిస్టరు తీశారు. సోమవారం పన్నెండింటి అంకె ఉంది, పన్నెండింటికి మనిషి లేడు. చూడకుండా రాసేవాడు ఊట కనపడినా వదిలేసి ఉంటాడని ఆయన లెక్క. ఆ లెక్క నిలబడాలంటే ఊట ఉందని ఒకరు రాయాలి. నన్ను క్వార్టర్ల వరండాలోకి పిలిచారు. సూర్యంగారు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు.

"ఏవయ్యా, ఆడవాళ్ళని ముందే పంపించావంటే ఊట చూశావన్నమాటేగా. అది రాయి. నీకే పేరు."

"ఊట చూడలేదండీ."

"మరేం చూశావు?"

"గుర్రాలండీ."

ఆయన రిజిస్టరు మూశారు. "పెళ్ళయిందా నీకు?"

"లేదండీ."

"అదీ సంగతి. ఊరేగింపు గుర్రాలు ముందే వచ్చేశాయి."

అందరూ నవ్వారు. సూర్యంగారు నవ్వలేదు. నేను ఊట అని ఒక్క మాట రాస్తే ఆ సాయంత్రానికి ఆయన ఉద్యోగం పోతుందని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఊట లేదని చెప్పగల కాగితం లోకంలో ఒక్కటే ఉంది, ఆదివారం నాటి నా బుక్కు. అందులో ఊట లేదన్న వాక్యం కింద మొదటి నంబరులో ఉంది. దాని పైనే గుర్రాల వాక్యం ఉంది. ఒకటి ఉంచి ఒకటి తీసేస్తే, ఏమీ కనపడని చోటును నేనెందుకు పరీక్షించానో ఎవరూ నమ్మరు. రెండూ ఉండాలి, లేదా రెండూ పోవాలి.

మా మేనేజరు ఫోను చేశారు. కంపెనీ రిపోర్టులో గుర్రాలేమిటి, ఆ లైను కొట్టేసి పక్కన సంతకం పెట్టమన్నారు. కొలతల పుస్తకంలో తప్పు రాస్తే ఒక గీత గీసి సంతకం పెట్టాలన్నది నిజమే. తప్పు కానిదాన్ని కొట్టేయడానికి నియమం లేదన్నాను. ఉద్యోగం సంగతి ఆలోచించుకోమన్నారు. ఆలోచించాను. గుర్రాల పేజీతో సహా జిరాక్సు తీసి, ప్రతి పేజీ మీద సంతకం పెట్టి అసిస్టెంట్ ఇంజనీరు గారి చేతికిచ్చాను.

సూర్యంగారికి, చూడకుండా అంకె రాసినందుకు, హెచ్చరిక వచ్చింది. అది న్యాయమే, ఆయనతో కూడా అదే అన్నాను. ఉద్యోగం మిగిలింది. నన్ను దివిసీమలో రొయ్యల చెరువుల గట్లు కొలవడానికి మార్చారు. ఆఫీసులో నా పేరు గుర్రాల ఇంజనీరు. పిలిస్తే పలుకుతాను.

ఈ ఏడాదిలో నేను విచారించినవి ఇవి. గుడివాడలో, బందరులో పెళ్ళిళ్ళకు గుర్రాలిచ్చేవాళ్ళు: వాటిని అటు వదల్లేదన్నారు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళు: గుర్రాలు లేవు. కంటి డాక్టరు: చూపు సరిగ్గా ఉంది. బోలు నేలను జంతువులు పసిగడతాయి, నిజమే, కానీ దానికి ముందు జంతువులు ఉండాలి. నేనే ఊహించుకున్నానంటారా, నా ఊహ గడ్డి కొరకదు. మేకలంటారా, మేకలు తాడు పట్టి గీసినట్టు మేయవు. ఇంతకు మించి నాకు తెలియదు. తెలియదని రాయడానికి నాకు సిగ్గు లేదు.

సూర్యంగారు ఇప్పుడు పన్నెండింటి దాకా ఉండి, గేజీ చూసి, అప్పుడు ఇంటికి వెళ్తున్నారు. ఈ నెల మొదట్లో ఒక మధ్యాహ్నం ఫోను చేశారు. సరిగ్గా పన్నెండు.

"గేజీ దగ్గరే ఉన్నా సార్. అయిదుంబావు. చూసే రాశాను."

"ఏమన్నా కనపడ్డాయా అండీ?"

"లేదు సార్. మనిషీ లేడు, గొడ్డూ లేదు. గట్టంతా గడ్డి మోకాలెత్తు పెరిగింది. బాగుచేసిన చోట కూడా లేచింది. కోయించెయ్యమంటారా?"

ఆ గట్టు నా పరిధిలో లేదు. ఆయనా నన్ను అడగాల్సిన పని లేదు.

"వద్దండీ, ఉండనివ్వండి" అన్నాను.

దెయ్యాలు లేవు. గుర్రాలు మూడు.