నానమ్మ పలకని పేరు

మా చిన్నప్పుడు... మురమళ్ళలో బస్సు ఆగగానే కండక్టరు "వీరేశ్వరస్వామి గుడి... దిగండి దిగండి" అని కేకేసేవాడు. నానమ్మ మాత్రం ఆ పేరు అనేది కాదు. "మురమళ్ళ సామి" అనేది. పక్కింటి వీరన్న బాబాయిని కూడా "ఒరే పక్కింటబ్బాయ్" అనే పిలిచేది. చాదస్తం అనుకుని మేం నవ్వుకునేవాళ్ళం...

2003లో గోదావరి పుష్కరాలొచ్చాయి. తాతయ్య పోయాక వచ్చిన మొదటి పుష్కరాలు. కోటిపల్లి రేవులో పిండాలు పెట్టాలంటే మూడు తరాల పేర్లు కావాలన్నారు పంతులుగారు. నాన్నగారికి వాళ్ళ నాన్న పేరు, తాత పేరు తెలుసు. ముత్తాత దగ్గరే ఆగిపోయింది. తెల్లదొరల కాలంలో మా తోటలో తొలి కొబ్బరి మొక్క నాటినాయన... ఇంట్లో అందరూ "పెద్దాయన" అనేవారే తప్ప పేరెవరికీ తెలీదు.

నానమ్మకి తెలుసు! కొత్త కోడలిగా వచ్చి ఆ ముసలాయనకి అన్నం వడ్డించిన మనిషి. కానీ చెప్పదు.

"అత్తింటి పెద్దాయన పేరు నా నోటితో ఎలా అంటానురా! మా అత్తగారు వింటే ఇంకేమన్నా ఉందా?"

"ఆవిడ పోయి ఎన్నేళ్ళయిందమ్మా!" అన్నారు నాన్నగారు తల పట్టుకుని.

"పోతే మాత్రం వినరేంటి?"

నాన్నగారికి దిగులు పట్టుకుంది. "ఆయన వేసిన తోట తింటున్నాం... పేరు చెప్పి ఓ ముద్ద పెట్టలేమా?" అని అమ్మతో అనేవారు. చివరికి అమలాపురం వెళ్ళి, ఆఫీసు చుట్టూ తిరిగి, పాత భూముల రికార్డులు తీయించారు. చూస్తే ఏముంది... మా తోట నంబరు మీద మా ఇంటిపేరుతోనే నలుగురున్నారు! అన్నదమ్ములో, దాయాదులో... అందులో మా పెద్దాయన ఎవరో ఎలా తెలుస్తుంది?

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆ పేర్లు పైకి చదివారు. పక్కనే మంచం మీద నానమ్మ వత్తులు చేసుకుంటోంది.

"సూరన్న..." వత్తి చేస్తూనే ఉంది.

"గంగన్న..." తలెత్తలేదు.

"వీరన్న..."

నానమ్మ గబుక్కున మంచం దిగింది. పైట భుజాల చుట్టూ నిండుగా కప్పుకుని, తల వంచుకుని, గుమ్మం పక్కకి ఒదిగి నిలబడింది. ఆయన నిజంగానే వీధిలోంచి లోపలికి వస్తున్నట్టు...

నాలుగో పేరు నాన్నగారు చదవనే లేదు. "ఈయనేనా అమ్మా?" అన్నారు మెల్లిగా.

కొడుకుతో ఎప్పుడూ "ఊఁ" అనే మనిషి, ఆ వేళ పెద్దల ముందు అన్నట్టు మర్యాదగా "ఆయ్" అంది.

మురమళ్ళ సామి సంగతి అప్పుడు అర్థమైంది మాకు. నవ్వినందుకు సిగ్గేసింది, ఎందుకో ఏడుపూ వచ్చింది. పుష్కరాల్లో నాన్నగారు ఆ పేరు ఎంత గట్టిగా చెప్పారో... రేవులో పక్కవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఇంటికొచ్చి ఆ రోజు తృప్తిగా భోంచేశారు.

ఇప్పుడు నేను మా ఆయన్ని పేరు పెట్టే పిలుస్తాను. హాయిగానే ఉంది. నానమ్మ ఉంటే బుగ్గలు నొక్కుకునేది! కానీ ఒక పేరు వినబడగానే అలా లేచి నిలబడే మనిషిని మళ్ళీ ఎక్కడా చూడలేదు...

మీ ఇళ్ళల్లోనూ ఇలా పలకని పేర్లు ఉండేవా? చెప్పండి... ఇక్కడ ఎవరి అత్తగారూ వినరు లెండి!