శ్రుతక్క కుడి చెవి

యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న కళ్లద్దాల షాపులో ఆమె పనిచేసేది. అద్దాలను ఫ్రేముకు సరిపడేలా అరగదీసి బిగించడం ఆమె పని. ఆదివారం సాయంత్రాలు మాత్రం ఊరి ఆర్కెస్ట్రాలో ఓబో వాయించేది. ఓబో అంటే నల్లటి చెక్కతో చేసిన సన్నటి ఊదుడు వాయిద్యం. కచేరీకి ముందు అది ఒక స్వరం పట్టి ఉంచితే వయొలిన్లూ, సెల్లోలూ, బాకాలూ అన్నీ దానికి శ్రుతి కలుపుకుంటాయి. ఆ స్వరం ఇచ్చే కుర్చీ ఆమెది కాబట్టి అందరూ ఆమెను శ్రుతక్క అనేవారు. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవారు.

ఆ ఆర్కెస్ట్రాను మొదలుపెట్టింది పియానో నేర్పే ఒక టీచరమ్మ. యూనివర్సిటీ పెట్టిన కొత్తలో, పాఠాలు చెప్పడానికి వచ్చినవాళ్లకూ ఊళ్లోవాళ్లకూ క్షణం పడేది కాదట. "ఊదేవాడు ఊదుతూ తిట్టలేడు కదా, అంతసేపైనా ప్రాణానికి హాయి" అంటూ టీచరమ్మ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టింది. ఖాళీగా దొరికిన గది మెడికల్ కాలేజీలో శరీర నిర్మాణం పాఠాలు చెప్పేది ఒక్కటే. అప్పటినుంచీ సాధన అక్కడే. మెట్లు మెట్లుగా బెంచీలు, వదలని మందుల వాసన, మూల అద్దాల బీరువాలో ఒక అస్థిపంజరం. కొత్తగా చేరినవాళ్లకు దాన్ని చూపించి, "ఆయన మన పాత సభ్యుడు. తాళం తప్పాడు" అని పరిచయం చేసేవారు.

టీచరమ్మ ఆ ఆర్కెస్ట్రా కోసమే ఒక పాట కట్టింది. ఏటా కచేరీ దానితోనే మొదలవుతుంది. మొదట ఓబో ఒక్కటే, ఏ తోడూ లేకుండా పాడాలి. మూడో వాక్యం, అంటే ఒక్క ఊపిరిలో సాగే మూడో స్వరాల వరస, చివర స్వరాన్ని వెంట్రుకవాసి కిందికి వంచాలి. ఎంత వంచాలో కాగితం మీద ఉండదు. టీచరమ్మ దాన్ని మొదటి ఓబో ఆవిడకు నేర్పింది. ఆవిడ శ్రుతక్కకు నేర్పింది. వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. ఆ వంపు పట్టుబడేసరికి తన తలప్రాణం తోకకొచ్చిందని శ్రుతక్క నవ్వుతూ చెప్పేది.

శ్రుతక్క ఎడమ చెవి చిన్ననాటి జ్వరంలోనే మందగించింది. మాటలు అందుతాయి గానీ, స్వరాల్లో సన్నటి తేడాలు అందవు. బతుకంతా కుడి చెవితోనే సంగీతం విన్నది. ఒక చలికాలం పెద్ద జలుబు చేసి తగ్గింది. ఆ తర్వాతి ఆదివారం ఆమె సాధనలో ఆ పాట ఎత్తుకుంది. నాలుగు స్వరాలు కాకముందే, ముందు నిలబడి కర్రతో తాళం చూపే కండక్టర్ చెయ్యి ఆపాడు. ఆయన రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్. అందరూ కర్ర మాస్టారు అంటారు.

"అక్కా, స్వరం కాస్త కిందికి దిగింది."

"అదేంటి మాస్టారూ! నాకు పైకి పోతున్నట్టుంది. అందుకే దించాను."

వెనక వరసలో వయోలా, అంటే వయొలిన్‌కన్నా కాస్త పెద్ద వాయిద్యం, పట్టుకుని కూర్చున్న ఆమె భర్త తలెత్తి చూశాడు. ఆయన యూనివర్సిటీలో లిఫ్టుల మెకానిక్. ఇరవయ్యేళ్లుగా ఆమె శ్రుతి తప్పడం ఆయన వినలేదు.

చెవి డాక్టర్ పరీక్షలన్నీ చేసి పెదవి విరిచాడు. "లోపలి నరం దెబ్బతిందమ్మా. ప్రతి స్వరం నీకు కాస్త పై శ్రుతిలో వినిపిస్తోంది."

"మందేమైనా..."

"తగ్గితే దానంతటది తగ్గాలి. నా చేతుల్లో ఏం లేదు."

బయటికొచ్చాక ఆమె భర్తతో, "నా చెవి నా మాట వినడం లేదండీ" అంది. ఆయన నవ్వబోయి ఆగిపోయాడు.

శ్రుతి చూపించే చిన్న మిషన్ కొన్నారు. ముల్లు మధ్యలో నిలిస్తే స్వరం సరిగ్గా ఉన్నట్టు. ఆమె దాన్ని ఎదురుగా పెట్టుకుని కళ్లార్పకుండా వాయించింది. ముల్లు నిలబడింది. ఆమె చెవిలో మాత్రం పాటంతా వంకరగా మోగింది. పక్కన కూర్చుని తల ఊపుతున్న భర్తతో, "ఆకలి లేకుండా గడియారం చూసుకుని తిన్నట్టుంది. ఇక నావల్ల కాదు" అని ఓబో విడదీసి పెట్టెలో సర్దేసింది.

రెండో ఓబో వాయించే పశువుల డాక్టరమ్మకు ఆ కుర్చీ ఇవ్వమని శ్రుతక్కే మాస్టారికి చెప్పింది. పాట నేర్పుతానని కూడా చెప్పింది. డాక్టరమ్మ రోజూ సాయంత్రం ఇంటికొచ్చేది. ఊపిరి ఎక్కడ దాచుకోవాలో, పెదవి ఎక్కడ వదులు చేయాలో శ్రుతక్క అన్నీ చెప్పింది. చివరికి మూడో వాక్యం దగ్గరికొచ్చారు.

"ఇలాగేనా అక్కా?"

శ్రుతక్క కుడి చెవి అటు పెట్టి వింది.

"ఇంకోసారి వాయించు."

డాక్టరమ్మ మళ్లీ వాయించింది. ఇంకొంచెం వంచి మరోసారి వాయించింది.

"ఏది బాగుంది? మొదటిదా, ఇదా?"

 రెండూ శ్రుతక్కకు ఒకేలా తప్పుగా వినిపించాయి. "నాకు తెలీడం లేదమ్మా" అంది. డాక్టరమ్మ ఓబో ఒళ్లో పెట్టుకుని ఆమె చెయ్యి పట్టుకుంది. పాత కచేరీల రికార్డింగులు వెతికి విన్నారు. ఫ్యాను హోరు, జనం దగ్గులు. ఆ వంపు మాత్రం ఎంత విన్నా అందలేదు. భర్తను అడిగితే, "అది వినగానే ఒళ్లు జలదరించేది, అంతే తెలుసు. ఎంత వంచేదానివో నేను చెప్పలేనే" అన్నాడు.

కచేరీ రోజు శ్రుతక్క మొదటిసారి జనం మధ్య కూర్చుంది. డాక్టరమ్మ స్వరమిచ్చింది, అందరూ శ్రుతి కలుపుకున్నారు. పాట మొదలైంది. శ్రుతక్కకు వినిపిస్తున్నదంతా అపశ్రుతే. పక్కనున్నవాళ్ల మొహాలు చూస్తూ అది ఎలా సాగుతోందో తెలుసుకోవాలని చూసింది. చప్పట్లకు తనూ చప్పట్లు కొట్టింది.

ఇంటికొచ్చాక భర్త వయోలా పెట్టె గోడకు ఆనించి నిలబడ్డాడు.

"ఎలా వాయించింది?" అని అడిగింది శ్రుతక్క.

"బాగా వాయించింది. ఎక్కడా తడబడలేదు."

"ఆ మూడో వాక్యం?"

ఆయన అటు తిరిగి చొక్కా గుండీలు విప్పుకున్నాడు.

"నా మొహం చూసి చెప్పండి."

"తిన్నగా పోయిందే. వంపు రాలేదు."

ఆమె అలాగే కుర్చీలో కూలబడింది. ఆయన వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. 

చెవి నయం కాలేదు. ఆమె ఆదివారాలు మెడికల్ కాలేజీ వైపు వెళ్లడం మానేసింది. ఒకరోజు డాక్టరమ్మ కళ్లజోడు కాడ వదులైందని షాపుకొచ్చింది. పని అయ్యేలోపు కౌంటర్ మీదికి వంగి, ఆ మూడో వాక్యాన్ని మెల్లగా కూనిరాగం తీసింది.

"నిన్న కాస్త కుదిరినట్టనిపించింది అక్కా. ఇలాగేనా?"

శ్రుతక్క స్క్రూ బిగిస్తున్న చెయ్యి ఆపి, కాసేపు ఆమె మొహంలోకి చూసింది.

"కుదిరే ఉంటుందిలే" అంది. కళ్లజోడు తుడిచి, మడిచి, ఆమె చేతికిచ్చింది.