ఏజెంటుకు రాసిన ఉత్తరంలో అమ్మ

తెలుగులో నవల రాసేవాళ్లకు ఏజెంటుతో పనిపడదు. పత్రికకు పంపుతాం, లేదంటే మనమే అచ్చు వేయించుకుని స్నేహితులకు పంచుతాం. నాకే కాస్త కొమ్ములు మొలిచాయి. ఆరేళ్లు కూర్చుని రాసిన నవలను వేసవి సెలవుల్లో ఇంగ్లీషులోకి మార్చుకున్నాను. ఢిల్లీలోని పెద్ద ఇంగ్లీషు ప్రచురణ సంస్థలు చాలావరకు రచయితల దగ్గర నేరుగా తీసుకోవనీ, మధ్యలో రచయిత తరఫున మాట్లాడే లిటరరీ ఏజెంటు ఉండాలనీ, ఆ ఏజెంటు మన వైపు చూడాలంటే ముందు ఒక పేజీ ఉత్తరం, మొదటి మూడు అధ్యాయాలు పంపాలనీ ఫోనులో చదివి తెలుసుకున్నాను.

నేను ప్రత్తిపాడు దగ్గర ఒక బడిలో టీచర్ని. ఇరవై ఏళ్లుగా నేను రాసిన ఉత్తరాలన్నీ సెలవు చీటీలు, ఆఫీసుకు పెట్టుకున్న అర్జీలు. ఏజెంట్లకూ అదే చేత్తో రాశాను. గౌరవనీయులైన అయ్యా లేక అమ్మా అని మొదలుపెట్టి, నా చదువు, నా సర్వీసు, ఎప్పుడో వచ్చిన ప్రశంసాపత్రం వరుసగా పేర్చి, గ్రామీణ స్త్రీల జీవన పోరాటాన్ని చిత్రించిన ఈ నవలను దయతో పరిశీలించవలసిందిగా కోరుతూ ముగించాను. దాన్నే పదకొండు మందికి పంపాను. అందులో ఒకాయన పిల్లల బొమ్మల పుస్తకాలు తప్ప ఇంకేవీ చూడడట. ఆయన వెబ్‌సైటులో మొదటి వాక్యమే అది. నేను చదివితేగా!

సగంమంది జవాబే ఇవ్వలేదు. మిగతావాళ్లు మర్యాదగా వద్దన్నారు. స్టాఫ్ రూములో నవ్వుతూ చెప్పాను గాని, లోపల చాలా బాధపడ్డాను. ఎవరూ ఒప్పుకోకపోతే ఆ నవల నా బీరువా దాటి బయటికి రాదు.

మా అమ్మకు చదువు రాదు. గుంటూరు పక్కన కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసి నన్ను చదివించింది. ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. నా వాలకం కనిపెట్టిందేమో, ఒక శనివారం సాయంత్రం కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"రేపు చర్చిలో నీ పుస్తకానికి ప్రార్థన చీటీ వెయ్యాలి. రాయి."

మా చర్చిలో అదొక పద్ధతి. అవసరం ఉన్నవాళ్లు చీటీ రాసి పెట్టెలో వేస్తారు. ఆదివారం పాస్టరు గారు దాన్ని పైకి చదువుతారు, అందరం కలిసి ప్రార్థిస్తాం. మా పేటలో రాయడం వచ్చినవాళ్లు తక్కువ కాబట్టి చిన్నప్పటి నుంచీ ఆ చీటీలు నేనే రాసేదాన్ని. అయినా నా దానికి వచ్చేసరికి 'నా నవలకు మేలు కలగాలి' అని రాసి వినిపించాను. అమ్మ ముఖం చిట్లించింది.

"అదేం చీటీ? ఎవరి గురించి అడుగుతున్నామో, ఎవరు చెయ్యాలో, ఏం చెయ్యాలో చెప్పొద్దా? మోకాళ్ల నొప్పని చీటీ వేసినా కుడికాలో ఎడంకాలో రాయించేవాళ్లం గదా! ఆ ఢిల్లీవాళ్లకి కూడా ఇట్టాగే రాశావా ఏంది? చదువు చూద్దాం."

తెలుగులో చెబుతూ చదివాను. మొత్తం ఓపిగ్గా విన్నది.

"అంతా నీ గురించే ఉందిగా. ఇంతకీ పుస్తకం ఎవరి గురించమ్మా?"

ఆరేళ్లుగా తప్పించుకుంటున్న ప్రశ్న అది. "మిరపకాయల పని చేసే ఒకామె గురించి" అన్నాను, ఆమె వైపు చూడకుండా. అమ్మ చీటీ కాగితం మళ్లీ నా ముందుకు జరిపింది.

ఆ తర్వాత ఏజెంట్ల పేజీలు ఒక్కొక్కటీ బుద్ధిగా చదివాను. తల్లీకూతుళ్ల కథలంటే ఇష్టమని రాసుకున్న ఒకామె కనిపించింది. ఆమె ఒక్కదానికే ఉత్తరం రాశాను. నా నవల ఆమెకే ఎందుకు పంపుతున్నానో చెప్పాను. 'ఈ కథలో కూతురికి చిన్నతనంలో తల్లి చెయ్యి తన ముఖానికి తగిలిన జ్ఞాపకం లేదు. తల్లికి తనంటే ఇష్టం లేదనుకుంటూ పెరుగుతుంది. ఆ తల్లి రోజంతా మిరపకాయల తొడిమలు తీసి వచ్చేది' అని రాశాను. మూడు అధ్యాయాలు చదవమని అడిగాను. ప్రశంసాపత్రం ఊసెత్తలేదు.

తొమ్మిదో రోజున మొత్తం నవల పంపమంది. నెలన్నర తర్వాత, బడిలో పిల్లలు అన్నాలు తింటుండగా ఫోను చేసింది. నవల నచ్చింది, తీసుకుంటానంది. అప్పుడు మెల్లిగా అడిగింది, ఇది మీ అమ్మగారి కథేనా అని. అవునన్నాను. ఆమెకు తెలుసా అంది. రేపు చెబుతానని ఫోను పెట్టేశాను.

ఇంటికి వెళ్లగానే తెలుగు ప్రతి తీసి, అమ్మను కూర్చోబెట్టి, ఏజెంటు ఫోను సంగతి చెప్పి, ఇది నీ కథే, అచ్చుకు ఇవ్వనా అని అడిగి ఒక అధ్యాయం చదివాను. కూలి నుంచి వచ్చిన తల్లి దగ్గరికి పిల్ల పరిగెత్తుతుంది. తల్లి రెండు చేతులూ పైకెత్తి పక్కకు తప్పుకుంటుంది. ఆ ముఖంలో ఏ భావమూ లేదని రాశాను.

చదవడం ఆపి అమ్మ వైపు చూశాను. నాకు భయం వేసింది.

"తప్పుకున్న మాట నిజమే" అంది. "నీకు ఏడాది నిండకముందు చేతులు కడగడం మర్చిపోయి నీ ముఖం తుడిచా. కళ్లల్లో కారం పడి పొద్దుగూకేదాకా గుక్కపట్టి ఏడ్చావు. ఆ తర్వాత ఎన్నిసార్లు కడిగినా నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది. నీకు జడ కూడా పక్కింటామె చేతే వేయించేదాన్ని. మీరిద్దరూ నవ్వుకుంటా ఉంటే తలుపు దగ్గర నిలబడి చూసేదాన్ని. ఏడుపొచ్చేది. అది రాశావా?"

"లేదమ్మా. నాకు తెలియదు."

"మరి అది కూడా రాసి అచ్చుకివ్వు. ఆ ఏజెంటామె చదివేముందే రాయాల్సింది."

మర్నాడు ఏజెంటుకు ఫోను చేసి, అమ్మ ఒప్పుకుంది గాని పుస్తకం ఇంకా పూర్తి కాలేదండీ అన్నాను. ఎన్నాళ్లు పడుతుందని అడిగింది. తెలియదన్నాను. ఎదురుచూస్తానంది. చూస్తుందో లేదో, ఆమెకు నాలాంటివాళ్లు ఎందరో.

జడ వేయించుకుంటూ ఒక్కసారి వెనక్కి తిరిగి ఉంటే తలుపు దగ్గర అమ్మ నాకు కనిపించేది. తిరగలేదు. ఆరేళ్లు కూర్చుని ఆమె గురించే రాశాను, అప్పుడూ తిరగలేదు.