హిల్కా జాబితాలో నలభై రెండోది

హిల్కా రౌతియో పదవీ విరమణకు ఇంకా నాలుగు నెలలుందనగా ఆఫీసువాళ్ళు ఆమె ప్రచురణల జాబితా అడిగారు. వీడ్కోలు కాఫీ రోజున విభాగాధిపతి దాన్ని చదివి వినిపించడం తుర్కు నగరంలోని ఆ ప్రయోగశాలలో ఆనవాయితీ. రొమ్ము కేన్సర్ మీద ముప్ఫై నాలుగేళ్ళ పని, నలభై ఒక్క పేపర్లు. గొప్ప సంఖ్యేమీ కాదు. ఈ రోజుల్లో నలభై ఏళ్ళకే రెండు వందల పేపర్లవాళ్ళున్నారు, అందులో వాళ్ళు రాసినవెన్నో దేవుడికెరుక. హిల్కావి మాత్రం ప్రతి వాక్యం ఆమె కూర్చుని రాసిందే.

వాటిలో పేరొచ్చినవి ఏడు, ఘెంట్ నగరంలో ఉండే పరిశోధకుడు యోస్ట్‌తో కలిసి రాసినవి. ఒక రోగి కణితి నుంచి తీసిన కణాలను ఆమె సీసాల్లో పెంచి పంపేది, అతను వాటి మీద మందులు పరీక్షించేవాడు. క్రిస్మస్‌కి అతను చాక్లెట్లు పంపేవాడు, ఆమె నల్లటి ఉప్పు మిఠాయి పంపేది. అది అతను ఒక్కనాడూ తిని ఎరగడు, వద్దనీ అనలేదు.

జాబితా అడిగిన ఆ వారమే, యోస్ట్ విద్యార్థి పేపరు చూసిన సైన్సు పత్రికవాళ్ళు హిల్కా పంపిన కణాలకు డీఎన్ఏ పరీక్ష అడిగారు. తీరా చూస్తే అవి రొమ్ము కేన్సర్ కణాలే కావు. హిల్కా తన ఫ్రీజరులో ఉన్నవన్నీ పరీక్షించింది. 2003 వేసవికి ముందు దాచినవి అసలైనవి. ఆ తర్వాతవన్నీ పక్క సీసాల్లో పెరిగే గర్భాశయ కేన్సర్ కణాలు. అవి చొరబడితే కలుపుమొక్కల్లా అంతా ఆక్రమించేస్తాయి.

పాత నోటుపుస్తకం తీసింది. ఆ ఏడాది నడివేసవి పండుగకు ముందు రోజు. దేశమంతా సరస్సుల ఒడ్డున కుటీరాలకు పరుగెత్తే రోజు. టెక్నీషియన్ ఇర్యా సాల్మి సెలవులో ఉంది, హిల్కాకేమో రెండింటికి బస్సు. మార్చడానికి తీరిక లేక ఒకే గొట్టంతో రెండు రకాల సీసాలకూ ఆహారం పోసింది. ఒక్క చుక్క చాలు. ఆగస్టు పేజీలో ఇర్యా రాసింది: "మరీ తొందరగా పెరుగుతున్నాయి. ఇవి అవేనా?" దాని కింద హిల్కా చేతిరాత: "ఆహారం మార్చాం కదా, అందుకే." తేలు కుట్టిన దొంగలా ఆ పుస్తకం మూసేసింది.

యోస్ట్ ఫోన్ చేశాడు.

"నాలుగు నెలల్లో ఇంటికెళ్ళిపోతావు. ఏడూ వెనక్కి తీసుకుంటే మనకేం మిగుల్తుంది చెప్పు?"

"ఈ వేళ కూడా ఎవరో ఒక పిల్ల వాటిని నమ్ముకుని మూడేళ్ళు ధారపోస్తూ ఉంటుంది, యోస్ట్."

"పోనీ, టెక్నీషియన్ పొరపాటని రాసెయ్. ఆవిడెప్పుడో రిటైరైంది, ఆవిడకి పోయేదేముంది?"

నిన్న పుస్తకం మూస్తున్నప్పుడు సరిగ్గా అదే మాట హిల్కాకూ తోచింది. సిగ్గుతో చెవులు మండాయి.

"గొట్టం పట్టుకున్న చెయ్యి నాది," అంది. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడయింది.

శనివారం హిల్కా ఇర్యా ఇంటికి వెళ్ళింది. కాఫీ కప్పు పక్కన నోటుపుస్తకం తెరిచి పెట్టింది. ఇర్యా కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, తాపీగా తలెత్తింది.

"సీసాలు కడుక్కునేదానికి ఇవన్నీ ఎందుకు అనుకున్నావు కదూ అప్పుడు?"

"అనుకున్నాను."

"అమ్మయ్య, ఒప్పుకున్నావు! ఇరవయ్యేళ్ళు పట్టింది."

"నన్ను క్షమించు, ఇర్యా."

"క్షమాపణ కాఫీలో నంజుకోడానికి పనికిరాదు తల్లీ. ఏం చేస్తావో చెప్పు."

హిల్కా ఒక కాగితం ముందుకు జరిపింది. పత్రికకు పంపబోయే ఒక్క పేజీ. ఏ ఏడు పేపర్లు వెనక్కి తీసుకోవాలి, తప్పు ఎవరు చేశారు, ఎలా చేశారు, మొదట అనుమానించింది ఎవరు. పైన రచయితల పేర్లు: హిల్కా రౌతియో, ఇర్యా సాల్మి.

"నా పేరు ఎప్పుడూ పేపరు చివర్న కృతజ్ఞతల్లో కదా వేసేవాళ్ళు," అంది ఇర్యా. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

యోస్ట్‌కూ ఆ పేజీ పంపితే జవాబు రాలేదు. అతని పేరు లేకుండానే అచ్చయింది. పోయిన పేపర్లకంటే ఆ మౌనమే హిల్కాకు ఎక్కువ నొప్పి పెట్టింది.

వీడ్కోలు కాఫీ రోజున విభాగాధిపతి జాబితా చదివాడు. ఏడు చోట్ల "వెనక్కి తీసుకున్నది" అని కూడా చదవాలని హిల్కా ముందే పట్టుబట్టింది. ఆ మాట పడ్డప్పుడల్లా జనం కప్పుల్లోకి చూసుకున్నారు. ఆఖర్న నలభై రెండోది వచ్చింది, ఒకే ఒక్క పేజీ. "హిల్కా రౌతియో, ఇర్యా సాల్మి," అన్నాడాయన.

వెనక వరసలో ఏలకుల బన్ను తింటున్న ఇర్యా చెయ్యెత్తింది.

"సరిగా వినపడలేదండీ. ఆ పేర్లు ఇంకోసారి చదవండి."

ఇర్యా చెవులు భేషుగ్గా ఉన్నాయని హిల్కాకు తెలుసు. ఆయన మళ్ళీ చదివాడు.