మురికి అడగడానికి వెళ్లిన లాండ్రీ మనిషి

మా పెదనాన్నకి లాండ్రీ షాపు ఉంది. మనిషి మొహం చూడకముందే అతని జేబు మీది సిరా చుక్కని చూస్తాడు. అలాంటాయనకి ఊరు మారిపోతున్న ఖాతాదారు ఒకడు రెండు న్యూట్లని గాజు తొట్టితో సహా అంటగట్టి పోయాడు. నీళ్లలో ఉండే బల్లుల్లాంటి జీవాలు. మొదట్లో ముక్కు చిట్లించిన పెదనాన్న వాటికి దొర, దొరసాని అని పేర్లు పెట్టి, ఇంటికి రాగానే పెద్దమ్మకంటే ముందు వాటినే పలకరించడం మొదలుపెట్టాడు.

ప్రేమ పుడితే ఆయనకి తెలిసిన పని ఒకటే, ఉతకడం. గులకరాళ్లని సబ్బుతో రుద్దాడు. ఫిల్టరులోని స్పాంజిని షాపుకి తీసుకెళ్లి తెల్లచొక్కాలతో పాటు మెషిన్లో వేశాడు. తొట్టి తళతళలాడింది. దొర తిండి మానేశాడు. దొరసాని నీళ్ల పైకి తేలి కదలకుండా ఉండిపోయింది. పెదనాన్నకీ అన్నం సహించలేదు.

పెంపుడు జంతువుల దుకాణంవాడు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. వాటి మలంలోంచి పుట్టే విషాన్ని విరిచేది స్పాంజిలోని జిగటలో బతికే సూక్ష్మజీవులేనట. ఈయన వాటిని ఉతికి ఆరేశాడు.

"ఇప్పుడు మీకు కావాల్సింది బాగా పాతబడ్డ మురికి స్పాంజండీ, అదీ తడి ఆరకుండా తేవాలి. మా దుకాణంలో ఉన్నవన్నీ కొత్తవే. లేకపోతే ఇవి దక్కవు," అన్నాడు.

చేపల తొట్టి, అందులో అలాంటి స్పాంజి ఉన్నది తెలిసినవాళ్లలో ఒక్కడికే. పెద్దమ్మ తమ్ముడు. పక్క వీధిలో అతనిదీ లాండ్రీయే. వాడి ఉతుకుడంటే మురికిని జేబులోంచి కాలరులోకి మార్చడమేనని పెదనాన్న ఏళ్ల తరబడి ఊరంతా చాటి ఉన్నాడు. పరువా, ప్రాణమా అని గుమ్మంలో కాసేపు తచ్చాడి, చెప్పులేసుకున్నాడు.

బావమరిది నవ్వలేదు. స్పాంజి ఇస్తాను గానీ, ఒంటి మీది చొక్కా తన దగ్గరే ఉతికించుకోవాలన్నాడు. పెదనాన్న కౌంటరు ముందే గుండీలు విప్పాడు. బనీనుతో, నల్లటి స్పాంజిని పసిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకుని, తన ఖాతాదారులందరూ చూస్తుండగా నడిచొచ్చాడు. పలకరించిన వాళ్లందరికీ, "తప్పుకోండి, ఆరిపోతుంది," అన్నదే జవాబు.

కొన్నాళ్లకి దొర వానపాము ముక్క అందుకున్నాడు. వెనకే దొరసాని. పెదనాన్న తొట్టి ముందే కూర్చుని ఏడ్చేశాడు.

ఆ సాయంత్రమే చొక్కా వచ్చింది. ఇస్త్రీ అయితే చేశారు గానీ సగం మాసే ఉంది. మళ్లీ ఉతకనా అని పెద్దమ్మ మెల్లిగా అడిగింది.

"ఎందుకు? మీ తమ్ముడు బాగానే ఉతికాడు," అని పెదనాన్న దాన్ని తొడుక్కుని షాపుకి వెళ్లాడు.