ఐదు స్టార్ల హెడ్‌ఫోన్‌పై నరసరావుపేట ఫిర్యాదు

నేను పదవీ విరమణ చేయడానికి రెండేళ్ల ముందు, ఫిబ్రవరి నెల రెండో సోమవారం నాడు, హైదరాబాదులోని మా పరీక్షా కేంద్రం నన్ను నాలుగు రోజుల పని మీద నరసరావుపేట పంపింది. అప్పటికి నా హోదా సీనియర్ టెస్ట్ ఆఫీసర్, శబ్ద విభాగం. ఆ పేరు విన్నవాళ్లు నేను చాలా శబ్దం చేసే మనిషిననుకునేవారు. నిజానికి నా ఉద్యోగమంతా చెవులప్పగించి కూర్చోవడమే.

వస్తువుల్ని మామూలు కొనుగోలుదారుల్లాగే దుకాణంలో కొని, పరీక్షించి, వినియోగదారుల పత్రికలో స్టార్లు వేసి ప్రకటించడం మా కేంద్రం పని. కంపెనీ పంపిన నమూనాను ముట్టేవాళ్లం కాదు. పెళ్లిచూపులకు ముస్తాబు చేసినట్టు వాళ్లు మంచిదాన్ని ఏరి పంపుతారు కదా. మిక్సీలకు, ఫ్యాన్లకు వేరే విభాగాలుండేవి. చెవికి తగిలేవన్నీ నా వాటా.

నరసరావుపేటలో రైతులకు ఫోన్లో పంటల సలహాలు చెప్పే ఒక ప్రైవేటు కాల్ సెంటరు మా పత్రిక చూసి, మేము ఐదు స్టార్లిచ్చిన హెడ్‌ఫోన్లు కొన్నది. ఆర్నెల్లు తిరగకుండానే దాని మేనేజరు ఉత్తరం రాశాడు. మాటలు సరిగ్గా వినబడటం లేదనీ, మీ స్టార్ల పుణ్యాన మాకు పట్టపగలే చుక్కలు కనబడుతున్నాయనీ దాని సారాంశం. మా డిప్యూటీ డైరెక్టరు గారు ఫైలు నా ముందుకు తోసి, "మీది గుంటూరు వైపు అచ్చంపేట కదా, అక్కడి మాట మీకు తెలుస్తుంది, మీరే వెళ్లండి" అన్నారు. శబ్ద పరీక్షకు యాస అర్హత ఎలా అయిందో నేను అడగలేదు.

హెడ్‌ఫోన్‌ను పరీక్షించేది మనిషి చెవితో కాదు, ముందు రబ్బరు చెవితో. మా దగ్గర ఒక కృత్రిమ తల ఉండేది. దాని చెవులు మెత్తటి సిలికాన్‌తో, మనిషి చెవి కొలతల్లోనే ఉంటాయి. లోపల కర్ణభేరి ఉండాల్సిన చోట మైకులుంటాయి. హెడ్‌ఫోన్‌ను ఆ తలకు పెట్టి, బొంగురు గొంతు నుంచి సన్నటి కూత దాకా అన్ని స్వరాలూ వరసగా పంపి, ఏది ఎంత చేరిందో గీత గీస్తాం. తర్వాత చుట్టూ స్పీకర్లతో రొద పెట్టి, అందులో ఎంత లోపలికి దూరిందో కొలుస్తాం. ప్రతిసారీ ఒకేలా కూర్చోదు కాబట్టి ఐదుసార్లు తీసి పెట్టి సగటు కడతాం. మా ఆఫీసులో అన్నిటికన్నా విలువైన తల అదే. డైరెక్టరు గారి తలను కలుపుకునే ఈ మాట చెబుతున్నాను.

ఆఫీసు కారు దొరక్క, ఆ తలను పెట్టెలో పెట్టుకుని బస్సెక్కాను. పిడుగురాళ్ల దాటాక కండక్టరు పెట్టె వైపు చూశాడు.

"అందులో ఏంది సార్?"

"తల."

"ఎవరిది?"

"ఎవరిదీ కాదు బాబూ, రబ్బరుది."

"అయితే ఒళ్లో పెట్టుకోండి. సీటు మీద పెడితే దానికీ టికెట్టు కొట్టాల."

కాల్ సెంటరు రోడ్డు పక్కనున్న మేడ మీద ఒక హాలు. రెండు షిఫ్టుల్లో ఆడవాళ్లే పనిచేసేవారు. ఒక్కో బల్లకు ఒక్క హెడ్‌ఫోన్, రెండు షిఫ్టులకూ అదే. మిరపకోతల కాలం కాబట్టి ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. మేనేజరు శ్రీనివాసరావు లెక్కాపత్రం మనిషి. రికార్డయిన సంభాషణలు విని, ఎవరు రైతును ఎన్నిసార్లు "మళ్లీ చెప్పండి" అన్నారో పట్టిక వేసేవాడు. ఆ పట్టికలో అందరికన్నా పైనున్న పేరు కోటేశ్వరిది. క్రోసూరు నుంచి రోజూ సత్తెనపల్లి మీదుగా బస్సులో వచ్చే ముప్పై ఏళ్ల మనిషి. భర్త క్వారీలో టిప్పరు నడుపుతాడు. ఇక్కడికి రాకముందు ఆమె ఇంట్లో మిషను కుట్టేది. వరసగా మూడు నెలలు పరిమితి దాటితే ఉద్యోగం పోతుంది. ఆమెకు అది మూడో నెల. తప్పు హెడ్‌ఫోన్‌దని నేను తేలిస్తే ఆ నెలలు కొట్టేస్తాననీ, కాదని తేలిస్తే సోమవారం నుంచి రానక్కర్లేదని చెబుతాననీ శ్రీనివాసరావు నాతో అన్నాడు.

మంగళ, బుధవారాలు ఎనిమిది బల్లల హెడ్‌ఫోన్లు తీసుకుని పరీక్షలు చేశాను. వాడిన నమూనాకు మా పద్ధతి పుస్తకంలో మొదటి మెట్టు శుభ్రం చేయడం. ప్రతి హెడ్‌ఫోన్ చెవి దిళ్లకు ఆడవాళ్లు పూలపూల గుడ్డతో చిన్న గలీబులు తొడిగారు, తలదిండ్లకు వేసినట్టు. వాటిని తీసి, మడిచి, ట్రేలో పెట్టాను. దిళ్లను స్పిరిట్‌తో తుడిచి, తలకు పెట్టి, కొలిచాను. కోటేశ్వరిదానితో సహా ఎనిమిదీ కొత్తవాటికి తీసిపోలేదు. తర్వాత కోటేశ్వరి వినికిడి కూడా పరీక్షించాను. సన్నగా కూత వినిపించి, వినబడగానే మీట నొక్కమంటాం. ఆమెకు నాకన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. నాకు అప్పటికే పై కూతలు కొన్ని వినబడటం మానేశాయి. ఈ సంగతి ఆఫీసు రికార్డుల్లో లేదు.

బుధవారం సాయంత్రం "పరికరాల్లో లోపం కనబడలేదు" అని ఒక పేజీ నోటు రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. గురువారం ఉదయం తలను పెట్టెలో సర్దుతుంటే కోటేశ్వరి వచ్చి ఎదురుగా నిలబడింది. చేతిలో నోటీసు.

"మిషను బాగుందంట. నా చెవులూ బాగున్నయ్యంట. మరి ఏంది సార్ బాగా లేంది? నేనా?"

సర్దడం ఆపి, కాసేపు ఆమె బల్ల దగ్గర కూర్చుని వింటానన్నాను. అప్పటిదాకా ఆ పని చేయలేదని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. రెండు రోజులూ తలుపులు మూసిన మీటింగు గదిలో, తలతో తలపడుతూ కూర్చున్నాను.

ఆమె బల్ల రోడ్డు వైపు కిటికీ పక్కన. కింద సున్నపురాయి లారీలు గేరు మార్చుకుంటూ వెళుతున్నాయి. సొరుగులోంచి తన గలీబులు తీసి, హెడ్‌ఫోన్‌కు తొడిగి నాకిచ్చింది. పెదకూరపాడు దగ్గరి రైతెవరో ఆకుముడత గురించి అడుగుతున్నాడు. అతని మాట మీదుగా లారీ వెళ్లిపోయింది. నాలుగో మాటకే "మళ్లీ చెప్పండి" అన్నాను. లోపం నా చెవులదేమో అనుకుని, అలవాటు కొద్దీ గలీబు లాగేశాను. లారీ దూరం జరిగింది. మళ్లీ తొడిగాను. లారీ దగ్గరికొచ్చింది.

"ఏంది సార్, గలీబుతో ఆడుకుంటన్నారు?" అంది కోటేశ్వరి. "తీయబాకండి. ముందు షిఫ్టు పిల్ల తలకి ఆముదం పట్టిచ్చుకొనొచ్చిద్ది. అందుకే అందరికీ నేనే కుట్టా ఇయ్యి. నాదానికి రెండు పొరలేశా."

చెవి చుట్టూ దిండు గాలి చొరబడకుండా అతుక్కుంటేనే బయటి రొద, ముఖ్యంగా లారీ వంటి బొంగురు రొద, ఆగుతుంది. గుడ్డ అడ్డం వస్తే ఆ అతుకు పోతుంది. గుడ్డ ఎంత మందమైతే సందు అంత పెద్దది. అంటే ఆ హాల్లో ఉన్న అసలు లోపాన్ని మంగళవారమే నా చేత్తో తీసి, మడతపెట్టి, ట్రేలో భద్రం చేశానన్నమాట. నేను కొలిచిన ఆ శుభ్రమైన హెడ్‌ఫోన్‌ను అక్కడ ఎవరూ ఏనాడూ పెట్టుకోలేదు.

తలను మళ్లీ పెట్టెలోంచి తీసి, ఈసారి గలీబులతో కొలిచాను. రొదను ఆపే గుణంలో ఎనిమిదీ దెబ్బతిన్నాయి. కోటేశ్వరిది దాదాపు ఏమీ ఆపడం లేదు. గీత చూపించి ఆమెకు వివరించాను.

"అయితే అందరి చెవులూ నేనే మూసినట్టా సార్?"

"మూయలేదమ్మా, సందు పెట్టావు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఇప్పుడు ఈ మాట ఆయనతో చెప్తే, సామాను చెడగొట్టిందని ఇయ్యాళే పంపిచ్చేస్తాడు" అంది.

అదీ నిజమే. నేను మేనేజరు గదిలోకి వెళ్లి విషయం చెప్పగానే శ్రీనివాసరావు అన్న మొదటి మాట, "అయితే ఆమె గలీబులు కుట్టబట్టే గదా సార్ ఇదంతా?" రెండో మాట, "మీరు సంతకం పెట్టిచ్చారు గదా, ఇప్పుడు కాదంటే ఎట్టా?"

సంతకం పెట్టిన నోటును వెనక్కి తీసుకోవాలంటే కారణం రాయాలి. తప్పు ఎవరిదో ఒక్క వాక్యంలో చెప్పే గడి ఒకటి ఆ ఫారంలో ఉంటుంది. హైదరాబాదుకు ఫోన్ చేస్తే డిప్యూటీ డైరెక్టరు గారు, "సిబ్బంది వాడకంలో పొరపాటు అని రాస్తే సరిపోదా?" అన్నారు. అలా రాస్తే మా స్టార్లూ నా సర్వీసు రికార్డూ మచ్చలేకుండా ఉంటాయి, కోటేశ్వరి ఉద్యోగం ఉండదు. ఆ గడిలో ఇలా రాశాను: "ఇద్దరు పంచుకునే హెడ్‌ఫోన్‌కు శుభ్రత కోసం తొడుగు వేసుకోవడం సహజమైన వాడకం. దాన్ని తొలగించి పరీక్షించడం పరీక్షాధికారి పొరపాటు." కింద నా పేరు, హోదా. ఇన్నేళ్లలో నేను రాసిన అతి చిన్న రిపోర్టు అదే, రాయడానికి ఎక్కువసేపు పట్టిందీ అదే.

శ్రీనివాసరావు దాన్ని రెండుసార్లు చదివాడు. కాగితానికి విలువిచ్చే మనిషి కాబట్టి కాగితానికి తలవంచాడు. నోటీసు తిరిగి తీసుకున్నాడు. ముందన్నట్టే పాత నెలలు కొట్టేశాడు. మరి ఆముదం సంగతేమిటని అతను అడిగితే, గుమ్మం దగ్గర నిలబడ్డ కోటేశ్వరే చెప్పింది: "ఆ దిళ్లు ఊడొస్తయ్యి గదండీ. గలీబు మార్చే బదులు దిండే మార్చుకుంటే పోద్ది. ఎవురి దిళ్లు వాళ్ల సొరుగులో పెట్టుకుంటారు." తొడుగుల మీద పరిశోధన మొదలుపెట్టబోతున్న నేను ఆ ఆలోచన మానుకున్నాను. నెల తర్వాత శ్రీనివాసరావు నుంచి పట్టిక వచ్చింది. కోటేశ్వరి పేరు మధ్యలో ఎక్కడో ఉంది. ఆమెతో పాటు మరికొందరి అంకెలూ తగ్గాయి.

పత్రికలో ఆ మోడల్‌కు ఐదు స్టార్లు అలాగే ఉంచి, గుడ్డ తొడుగు వేస్తే రొదకు సంబంధించిన మార్కులు వర్తించవని కింద ఒక గమనిక చేర్చాం. నా ఫారం మీద ఒక మెమో వచ్చింది, దానికి జవాబిచ్చాను, ఫైలు మూశారు.

ఈ పని నాకు నేర్పింది ఒక్కటే. శుభ్రం చేశాక కొలిస్తే కంపెనీ తయారుచేసిన వస్తువు తెలుస్తుంది, శుభ్రం చేయకముందు కొలిస్తే మనుషులు వాడుతున్న వస్తువు తెలుస్తుంది. స్టార్లు చూసి కొనేవాడికి ఈ రెండూ కావాలి. మా విభాగం పద్ధతి పుస్తకంలో శుభ్రం చేసే మెట్టును రెండోదిగా మార్పించి, మొదటి మెట్టుగా "వచ్చిన స్థితిలో కొలత" అని ఒక వరస చేర్పించాను. ఆ వరస ఖాళీగా ఉన్న రిపోర్టు మీద రిటైరయ్యే దాకా నేను సంతకం పెట్టలేదు.