మేడ మీది రచయితల క్లబ్బు

ఆ రోజుల్లో మాకు కథలు రాయడం కంటే రచయితలమని అనిపించుకోవడం మీదే మోజెక్కువ. ఎవరి కథా ఎక్కడా అచ్చుకాలేదు గానీ, బోయిగూడలో మా దోస్తు మేనమామ టైలరింగ్ దుకాణం పైగదిలో ముగ్గురం కలిసి రచయితల క్లబ్బు షురూ చేశాం. నేను, ఆ దోస్తు (వాక్యం ఎక్కడా ఆపడు కాబట్టి వాడి పేరు కామా), మా అధ్యక్షుడు. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. ఉన్న ఒక్క కుర్చీలో ముందుగా కూచున్నాడు, అంతే. చేరాలంటే కథ చదివి మా ముగ్గురినీ ఒప్పించాలి. మేం స్థాపించినవాళ్లం కదా, మాకు పరీక్ష లేదు.

ప్రతి ఆదివారం ఎవరో ఒకరు వచ్చి ఫెయిలయ్యేవారు. రైల్వేలో పనిచేసే భాయ్ ఒకాయన తన అత్తగారి మీద రాసిన కథ చదివితే పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. అధ్యక్షుడు కళ్లు తుడుచుకుని, "నవ్వొచ్చిందంటే లోతు లేనట్టే" అన్నాడు. చిలకలగూడ నుంచి వచ్చిన మా బావ కథ మరీ సులువుగా అర్థమైపోయిందని వద్దన్నాం. ఫెయిలైనవాళ్లంతా ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో చేరి చాయ్ తాగుతూ ఒకరికొకరు కథలు చదువుకునేవారు. వాళ్ల నవ్వులు మా కిటికీలోంచి లోపలికొచ్చేవి. "కిటికీ మూయుండ్రి" అనేవాడు అధ్యక్షుడు.

నాకు ప్రాణం అక్కడే కొట్టుకునేది. బావని అడిగితే, "రా, గని మేడ మీద ఫెయిలైనోళ్లకే ఈడ జాగా. రూలంటే రూలే" అన్నాడు.

సరే, ఫెయిలవుదామని కూచుని, చేతనైనంత చెత్త కథ రాశాను. నాయకుడికి క్షయ, నాయికకు అంధత్వం, చివర్లో కుక్క కూడా పోతుంది. నాకూ పరీక్ష పెట్టమని ఏడుపుగొంతుతో చదివాను. కామా వెక్కివెక్కి ఏడ్చాడు. అధ్యక్షుడు మొట్టమొదటిసారి కుర్చీలోంచి లేచి, "తమ్మీ, గిదీ సాహిత్యమంటే!" అని నన్ను కౌగిలించుకున్నాడు.

కొంప మునిగింది. ఎందుకంటే, అది గొప్ప కథేనని నాకూ నమ్మకం కుదిరింది. కాగితాలు పట్టుకుని దడదడా మెట్లు దిగి, హోటల్లో వాళ్లకి సాహిత్యమంటే ఏమిటో చూపిద్దామని చదివాను. కుక్క చచ్చేసరికి భాయ్‌కి చాయ్ పొలమారింది. "జెర ఆగు... కుక్క సుతనా?" అని బావ పొట్ట పట్టుకున్నాడు.

"మీకు సాహిత్యం తెల్వదు!" అని అరిచాను.

భాయ్ మూతి తుడుచుకుని చుట్టూ చూశాడు. "ఎవరికన్న నచ్చిందా?" అందరూ తల అడ్డంగా ఊపారు. "అయితే నువ్వు ఫెయిల్. మాలో కలిసినవ్, కూసో" అని కుర్చీ జరిపాడు. చెవులు మండుతున్నా కూచున్నాను.

కామా వెనకే దిగొచ్చాడు. కొన్ని వారాలకి అధ్యక్షుడూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కథ చదవమంటే తల దించుకున్నాడు. "నేనింక ఒక్కటి సుత రాయలే."

ఎవరూ నవ్వలేదు. "రాసినంక ఫెయిల్ చేస్తం లే. ముందు చాయ్ తాగు" అన్నాడు భాయ్.

తర్వాత బదిలీలు, పెళ్లిళ్లు, ఎవరి దారి వాళ్లది. ఇప్పుడు యాప్రాల్‌లో మా ఇంటి అలమరాలో నా పుస్తకాలు రెండున్నాయి. ఒక్క పేరా రాసి నాలుగుసార్లు కొట్టేస్తుంటాను. అప్పుడు, లోకానికి సాహిత్యం నేర్పడానికి మెట్లు దిగుతున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. నిజం చెప్పొద్దూ, వాడంటే కాస్త అసూయ కూడా.